ఐస్‌లాండ్‌లో అద్దె కారు ప్రయాణం

ఐస్‌లాండ్‌లో అద్దె కారు ప్రయాణం: విదేశీ పర్యాటకులు కారు అద్దెకు తీసుకుని, తామే నడుపుకుంటూ ఐస్‌లాండ్ ద్వీపాన్ని చుట్టివచ్చే పద్ధతి. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఈ దేశం వైశాల్యం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం నాలుగు లక్షల లోపే. వారిలోనూ ఎక్కువమంది రాజధాని రేక్యావిక్‌లో, దాని చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటారు. దేశంలో రైలు లేదు. గత శతాబ్దం రెండో దశాబ్దంలో రేక్యావిక్ ఓడరేవు కట్టేటప్పుడు రాళ్లు మోయడానికి రెండు చిన్న ఆవిరి ఇంజన్లు తిరిగాయి తప్ప, జనం ఎక్కే రైలు అక్కడ ఏనాడూ నడవలేదు. దూరప్రాంతాల బస్సులు తక్కువ, వేసవి దాటితే మరీ తక్కువ. అందుకే విమానం దిగినవాళ్లలో చాలామంది నేరుగా కారు అద్దె కౌంటర్ వైపు నడుస్తారు.

రోజు అద్దె ఎంతో చూసుకుని కారు ఖాయం చేసుకోవడం చాలాచోట్ల చెల్లుతుంది. ఐస్‌లాండ్‌లో చెల్లదు. గాలికి, ఇసుకకు, కంకరకు, వాగు నీటికి కారు పాడైతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే అక్కడ అసలు ధర.

రింగ్ రోడ్డు

ద్వీపాన్ని చుట్టే ఒకటో నంబరు రహదారిని రింగ్ రోడ్డు అంటారు. పొడవు సుమారు 1,320 కి.మీ. దక్షిణ తీరంలో హిమానీనదాల కింద నుంచి ఊడిపడే వాగుల మీద వంతెనలు నిలవక, ఈ వలయం చాలాకాలం పూర్తి కాలేదు. 1974లో స్కేదరా నది మీద పొడవైన వంతెన కట్టాకే రెండు కొసలూ కలిశాయి. 1996లో వాట్నాయోకుల్ హిమానీనదం అడుగున అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరు ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు ఆ వంతెనలో కొంత భాగం కొట్టుకుపోయింది. అప్పుడు మెలితిరిగిన ఉక్కు దూలాలను స్కాఫ్టాఫెల్ సమీపంలో రోడ్డు పక్కన స్మారకంగా ఉంచారు. కారు ఆపి చూడదగ్గవి. చిత్రమేమిటంటే, 2009లో నది తానే దారి మార్చుకుని పక్క నదిలో కలిసిపోయింది. అంత పెద్ద వంతెన కింద నీళ్లు లేకుండా పోవడంతో తర్వాత రోడ్డును పక్కకు మళ్లించారు. ఈ రహదారిలో మిగిలిన చివరి కంకర ముక్కకు తూర్పు తీరంలో 2019లో తారు పడింది.

రేక్యావిక్ నుంచి దక్షిణాన వీక్ గ్రామం దాదాపు 190 కి.మీ. అక్కడి నుంచి, మంచుగడ్డలు తేలే యోకుల్‌సార్లోన్ సరస్సు మీదుగా హెప్న్ పట్టణానికి మరో 270. తూర్పున ఏగిల్‌స్టాడిర్ దాటి మీవత్న్ సరస్సు చేరే దారిలో 160 కి.మీ. పైచిలుకు దూరం ఇల్లూవాకిలీ పెద్దగా కనిపించని బంజరు. ఉత్తరాన అకురేరి నుంచి తిరిగి రాజధానికి సుమారు 390 కి.మీ. అంకెలు చూస్తే హైదరాబాద్–విజయవాడ రోడ్డు లెక్కన నాలుగు రోజుల పనిలా తోస్తుంది. కానీ ఆగకుండా వెళ్లడానికి అక్కడికి ఎవరూ వెళ్లరు. జలపాతం కనిపించిన ప్రతిచోటా కారు ఆగుతుంది.

పత్రాలు, కార్డు

ఐస్‌లాండ్ షెంగెన్ కూటమిలో ఉంది కాబట్టి భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. ఆ వీసా కోసం చూపించే 30,000 యూరోల బీమా వైద్య ఖర్చులకు సంబంధించింది. అద్దె కారుకు సొట్ట పడితే అది అక్కరకు రాదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

మన లైసెన్సు మీద వివరాలు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి చాలా సంస్థలు దాన్నే ఒప్పుకుంటాయి. అయినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండటం మేలు. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని రవాణా శాఖ కార్యాలయాలు ఇస్తాయి. గడువు గరిష్ఠంగా ఏడాది. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దీనికి విలువ లేదు. లైసెన్సు వచ్చి కనీసం ఏడాది కావాలని, చిన్న కారుకైతే 20 ఏళ్లు, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి అంతకంటే ఎక్కువ వయసు ఉండాలని సంస్థలు అడుగుతాయి. ఖచ్చితమైన పరిమితి సంస్థను బట్టి మారుతుంది.

డిపాజిట్ కోసం ప్రధాన డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలంటారు. కారు నడిపేది భర్త, కార్డు భార్యది అయితే కౌంటర్ దగ్గరే బేరం చెడుతుంది. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల మన కొత్త కార్డులు మొదట దేశం లోపలే పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలను ఖాతాదారే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఇది ఇంటి దగ్గరే చూసుకోవాల్సిన పని. పెట్రోలు బంకుల్లో చాలావాటిలో మనిషి ఉండడు. కార్డు పెట్టి పిన్ కొడితేనే పంపు కదులుతుంది.

ఏ కారు

వేసవిలో రింగ్ రోడ్డు మటుకే తిరిగేవాళ్లకు మామూలు చిన్న కారు చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమయ్యేది దేశం మధ్యనున్న ఎత్తైన ప్రాంతాలకు. అక్కడి దారుల నంబర్ల ముందు ఎఫ్ అనే అక్షరం ఉంటుంది. ల్యాండ్‌మన్నలాయగర్ రంగుల కొండలకు, ఆస్క్యా అగ్నిపర్వత బిలానికి పోవాలంటే ఇవే దిక్కు. ఏటా జూన్ చివరికో జులైకో తెరిచి, సెప్టెంబరులో మంచు పడగానే మూసేస్తారు. ఈ దారుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలకే ప్రవేశం. టూ వీల్ డ్రైవ్ కారుతో వెళ్తే బీమా రద్దవడమే కాక అద్దె సంస్థ జరిమానా కూడా వేస్తుంది.

మన రోడ్ల మీద రెనో పేరుతో తిరిగిన డస్టర్, అక్కడ డాసియా పేరుతో అద్దె కార్లలో విరివిగా కనిపిస్తుంది. అక్కడిది ఫోర్ వీల్ డ్రైవ్ రకం. ఎఫ్ దారులకు అది సరిపోతుంది కానీ, లోతైన వాగులకు సరిపోదు. వంతెన లేని వాగు దాటేటప్పుడు ఇంజన్‌లోకి నీరు పోతే ఆ ఖర్చంతా నడిపినవాడిదే. రోడ్డు వదిలి నాచు మీదకో ఇసుక మీదకో కారు దింపడం చట్టరీత్యా నేరం, జరిమానా గట్టిగానే పడుతుంది. అక్కడి నాచు మీద చక్రం జాడ పడితే మాయడానికి దశాబ్దాలు పడుతుంది.

పడుకునే వీలున్న క్యాంపర్ వ్యాన్లు కూడా అద్దెకు దొరుకుతాయి. హోటల్ ఖర్చు మిగులుతుంది కానీ, 2015 నుంచి క్యాంపు స్థలాల్లో తప్ప ఎక్కడపడితే అక్కడ ఆపి నిద్రపోవడం కుదరదు. ఈ ఎత్తైన వ్యాన్లకు గాలి భయం కూడా ఎక్కువే.

బీమా

ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం అద్దెలోనే కలిసి ఉంటుంది. కారుకు జరిగే నష్టానికి ప్రాథమిక బీమా కూడా సాధారణంగా ఉంటుంది. కానీ దానికి ఎక్సెస్ అనే తోక ఉంది. నష్టంలో మొదటి భాగం, ఒప్పందంలో రాసిన మొత్తం వరకు, అద్దెదారే కట్టుకోవాలి. ఆపైది మాత్రమే బీమా చూసుకుంటుంది. రోజుకు కొంత అదనంగా కడితే ఈ పరిమితి తగ్గుతుంది, కొన్నిచోట్ల సున్నా అవుతుంది.

ఇంతవరకు ఏ దేశంలోనైనా ఇదే పద్ధతి. ఐస్‌లాండ్ ప్రత్యేకం ఆ తర్వాతి రెండు పేర్లలో ఉంది. ఒకటి కంకర బీమా. ఎదురుగా వచ్చే కారు చక్రం కింద నుంచి ఎగిరిన రాయి ముందు అద్దానికో, హెడ్‌లైట్‌కో, పెయింటుకో తగిలితే ఇది భరిస్తుంది. రింగ్ రోడ్డు అంతా తారే అయినా పక్కదారుల్లో, వాయవ్య ద్వీపకల్పంలో కంకర చాలా ఉంది కాబట్టి దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు. రెండోది ఇసుక, బూడిద బీమా. వీక్ దాటాక మిర్దల్స్‌సాండుర్, స్కేదరార్‌సాండుర్ అనే నల్ల ఇసుక మైదానాలు వస్తాయి. గాలి లేచిన రోజున అక్కడి ఇసుక నేలకు అడ్డంగా కొడుతుంది. అందులో చిక్కిన కారుకు గాలి వీచిన వైపు పెయింటు ఊడి రేకు బయటపడుతుంది, అద్దాలు గరుకు కాగితంతో రుద్దినట్టు మసకబారతాయి, దీపాల మీది ప్లాస్టిక్ తెల్లబడుతుంది. కారుకు మొత్తం మళ్లీ పెయింటు కొట్టించి అద్దాలు మార్చాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దక్షిణ తీరానికి వెళ్లే ఎవరైనా దీన్ని తీసుకోవాలి.

ఎక్కువ బీమాలు ముట్టుకోనివి కొన్ని ఉన్నాయి: కారు అడుగుభాగం, టైర్లు, వాగు నీటి నష్టం, గాలికి విరిగిన తలుపు. ఈ చివరిదే కొత్తవాళ్ల చేతి చమురు వదిలిస్తుంది. గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు తలుపు కాస్త తెరిస్తే చాలు, చేతిలోంచి లాగేసుకుని ముందుకు విసిరేస్తుంది. కీలు వంగుతుంది, తలుపు అంచు పక్క రేకును సొట్టపెడుతుంది, ఆపైన తలుపు సరిగా మూసుకోదు. అందుకే కారును గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఆపి, ఒకసారికి ఒక్క తలుపే, రెండు చేతులతో పట్టుకుని తీయాలి. వెనక సీట్లో పిల్లలుంటే పెద్దలు బయటికి దిగి తీయాలి.

కారు చేతికివ్వగానే నాలుగు వైపులా, చక్రాల రిమ్ములు, ముందు అద్దం, పైకప్పు వీడియో తీసి పెట్టుకోవాలి. ఎంత చిన్న గీతనైనా ఒప్పంద పత్రంలో రాయించాలి. కౌంటర్ వెనకున్నవాళ్లు తొందరపెట్టినా సరే.

రోడ్డు మీద

ఐస్‌లాండ్‌లోనూ ఒకప్పుడు మనలాగే ఎడమ వైపు నడిపేవారు. 1968 మే 26న దేశమంతా కుడికి మారింది. స్టీరింగ్ ఎడమన, గేరు కుడి చేతికి. ఇండికేటర్ కూడా మన కార్లలో చాలావాటితో పోలిస్తే అవతలి వైపు ఉంటుంది కాబట్టి, మలుపు తిరగబోయి వైపర్ వేయడం భారతీయ డ్రైవర్లకు మొదటి రోజు మామూలే. దీనికి ఆటోమేటిక్ కారు సగం విరుగుడు.

వేగ పరిమితి ఊళ్లలో సాధారణంగా 50, బయట కంకర దారిలో 80, తారు రోడ్డు మీద 90. హెడ్‌లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండాలి. రెండు వరుసల రౌండ్ అబౌట్లలో లోపలి వరుసలో ఉన్నవాళ్లకు ముందు దారి ఇవ్వాలి; ఇది మిగతా యూరప్‌లో సాధారణంగా కనిపించని నియమం. వంతెనల్లో కొన్ని ఒక్క కారు పట్టేవి. ముందుగా చేరువైన కారుకు దారి అన్నది అక్కడి ఆచారం, అనుమానం ఉంటే ఆగిపోవడం ఉత్తమం. తారు ముగిసి కంకర మొదలయ్యే చోట వేగం తగ్గించకపోతే కారు జారి పల్టీ కొడుతుంది. వేసవిలో గొర్రెలు కంచె లేని మైదానాల్లో తిరుగుతాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఒక పక్క కనిపిస్తే పిల్ల రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతుందనే అనుకోవాలి.

అకురేరి దగ్గరి వడ్లాహైది సొరంగానికి టోలు ఉంది, గేటు లేదు. కెమెరా నంబరు పట్టుకుంటుంది. ఆన్‌లైన్లో సకాలంలో కట్టకపోతే బిల్లు అద్దె సంస్థకు వెళ్లి, వాళ్ల రుసుము కలుపుకుని మన కార్డు మీద పడుతుంది. థింగ్‌వెల్లిర్ వంటి పర్యాటక స్థలాల్లో పార్కింగుదీ ఇదే వరస.

వాతావరణం, కాలం

అక్కడి వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. రోడ్ల శాఖ ఏ దారి తెరిచి ఉందో, ఎక్కడ గాలి ఎంత ఉందో ఎప్పటికప్పుడు చూపిస్తుంది. సెకనుకు 20 మీటర్లు దాటిన గాలిలో అలవాటు లేనివాళ్లు బండి తీయకూడదు. మూసిన రోడ్డు మీదికి పోయి చిక్కుకుంటే బయటికి తెచ్చేది స్వచ్ఛంద సేవకుల రక్షక దళం. అత్యవసర నంబరు 112.

జూన్‌లో రాత్రి దాదాపు ఉండదు. డిసెంబరులో పగలు నాలుగైదు గంటలే. శీతాకాలంలో అద్దె కార్లకు మంచు టైర్లు వేసే ఇస్తారు, మేకులున్న టైర్లకు నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు అనుమతి ఉంది. అయితే టైరు మంచిదైనంత మాత్రాన మంచు మీద నడిపే చెయ్యి రాదు. మంచులో ఎన్నడూ నడపనివాళ్లు జూన్–ఆగస్టు మధ్య, కనీసం ఎనిమిది రోజులు చేతిలో ఉంటేనే రింగ్ రోడ్డు మొత్తం పెట్టుకోవాలి. మూడు నాలుగు రోజులే ఉంటే వీక్ దాకా వెళ్లి రావడం చాలు. ఉత్తర ధ్రువ కాంతుల కోసం శీతాకాలంలో వెళ్లేవాళ్లు కారు ఆలోచన మానుకుని, రేక్యావిక్ నుంచి బయల్దేరే టూరు బస్సుల్లో టికెట్ కొనుక్కోవాలి.