మొదటి డిస్కులో ఎవరికి చోటు?

నాట్రంపల్లి వాళ్ళం ఇల్లు కదలకుండానే జిల్లాలు మారినవాళ్ళం. మా పెద్దలది ఉత్తర ఆర్కాడు జిల్లా, మాది వేలూరు జిల్లా, 2019 నవంబరు నుంచి మా పిల్లలది తిరుపత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వాణియంబాడి బజారుకు వెళితే చెవినిండా ఉర్దూ. కుప్పం పక్కనే ఉన్నా అది వేరే రాష్ట్రం. ఇలాంటి చోట భాష గురించి ఎవరైనా "మీదేది?" అని ఒక్క మాటలో అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. కంప్యూటరు సరిగ్గా ఆ ప్రశ్నే అడుగుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం ఈ ప్రాంతంలోని ఒక బడివాళ్ళు వార్షిక సంచికకు తెలుగు పుటలు కూర్చాలని నన్ను పిలిచారు. వాళ్ళ కంప్యూటర్లలో ఉన్నది లినక్స్. తెర మీద తమిళం ముత్యాల్లా కనిపిస్తున్నది. తెలుగు ఉండవలసిన చోట మాత్రం వరసగా ఖాళీ డబ్బాలు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. "ఫైలు చెడిపోయిందేమో సార్" అన్నారు అక్కడి ఉపాధ్యాయిని. ఫైలు బాగానే ఉంది. ఆ యంత్రంలో తెలుగు అక్షరాల ఫాంటు లేదు, అంతే. ఒకరి సెల్‌ఫోను సాయంతో ఇంటర్నెట్ నుంచి ఒక చిన్న ప్యాకేజీ దించి వేశాం. దాని బరువు ఒక్క మెగాబైటు కూడా లేదు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. పని అయిదు నిమిషాల్లో ముగిసింది గాని, ఆ డిస్కులో వందలకొద్దీ ప్యాకేజీలకు చోటిచ్చి దీన్ని మాత్రం బయట ఉంచిందెవరన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వెతుకులాటలో తెలిసిన చరిత్రను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

లినక్స్ అని మనం పిలిచేది నిజానికి ఒక గింజ. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ అది. గింజ ఉన్నంతమాత్రాన అన్నం కాదు గదా. పొయ్యి కావాలి, కుండ కావాలి, నీళ్ళు కావాలి. ఆ సామగ్రిలో చాలా భాగం అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం అప్పటికే సిద్ధం చేసి ఉంచింది. తక్కినవి అక్కడా ఇక్కడా చెల్లాచెదురుగా ఉన్నాయి. వీటన్నిటినీ ఏరి, ఒకదానికొకటి పొసిగేట్టు చేసి, మూటకట్టి ఇచ్చేదాన్నే డిస్ట్రిబ్యూషన్ అన్నారు. మూట కట్టేవాడు ఏది పెట్టాలి, ఏది వదలాలి అని తేల్చుకోవాలి. కాశీయాత్రకు బయలుదేరే ఇంటి ఇల్లాలికి ఈ చిక్కు బాగా తెలుసు.

తొలి మూటలు కట్టినవాళ్ళు ఒంటరి మనుషులు. 1992లో పీటర్ మెక్‌డొనాల్డ్ సాఫ్ట్‌లాండింగ్ పేరిట ఒకటి తెచ్చాడు. దాన్ని సరిదిద్దుతూ 1993లో పాట్రిక్ వోల్కర్‌డింగ్ స్లాక్‌వేర్ తెచ్చాడు. అప్పట్లో ఇవన్నీ ఫ్లాపీ డిస్కుల మీద నడిచేవి. ఒక్కొక్క ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. అందుకని స్లాక్‌వేర్‌లో ప్యాకేజీలను అక్షరాల వరసగా కట్టలు కట్టారు. 'ఎ' కట్టలో ప్రాణాధారమైనవి, 'ఎన్' కట్టలో నెట్‌వర్కు, 'ఎక్స్' కట్టలో బొమ్మల తెర, 'వై' కట్టలో ఆటలు. ఓపిక ఉన్నన్ని ఫ్లాపీలు దించుకోవచ్చు, మొదటి కట్టతోనే ఆగిపోనూవచ్చు. ఏది ఏ కట్టలో ఉండాలన్నది ఒక్కడి తీర్పు. ఆయన అభిరుచి మంచిదైనందువల్లనే స్లాక్‌వేర్ నేటికీ బ్రతికి ఉంది. కాని ఒక్కడి తీర్పు ఒక్కడి లోకాన్ని మించి చూడలేదు.

అదే 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే ఇరవయ్యేళ్ళ విద్యార్థి, పాత మూటల్లోని తప్పులతో విసిగి, పదిమంది కలిసి కట్టే మూట కావాలన్నాడు. స్నేహితురాలు డెబ్రా పేరును తన పేరుతో కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. ఇక్కడ ప్రతి ప్యాకేజీకి ఒక సంరక్షకుడు ఉంటాడు. వాడు జీతగాడు కాడు, తనకు తానుగా ఆ బరువు నెత్తికెత్తుకున్నవాడు. ఫలానా ప్యాకేజీ లోపలికి రావాలంటే అది గొప్పదైనంతమాత్రాన చాలదు, దాన్ని సాకుతాననే మనిషి ఒకడు ముందుకు రావాలి. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోమని మనవి.

1997లో బ్రూస్ పెరెన్స్ నాయకత్వాన డెబియన్ వాళ్ళు ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. ఏ సాఫ్ట్‌వేరును స్వేచ్ఛగా వాడుకోవచ్చో, మార్చుకోవచ్చో, పంచుకోవచ్చో దానికే అసలు ఇంట్లో చోటు. షరతులున్నవి వసారాలో ఉండాలి. ఈ నియమానికి మరుసటి ఏడే పరీక్ష వచ్చింది. కెడిఇ అని అందమైన తెర వ్యవస్థ ఒకటి 1996లో పుట్టి, జనానికి బాగా నచ్చింది. అది నార్వేలోని ట్రోల్‌టెక్ కంపెనీ తయారుచేసిన క్యూటీ మీద ఆధారపడింది. క్యూటీ లైసెన్సుకు, కెడిఇ లైసెన్సుకు పొసగదు. 1998లో డెబియన్ కెడిఇని తన భాండారం నుంచి తీసివేసింది. జనం కావాలంటున్నదాన్ని కాగితం మీది మాట కోసం తీసివేస్తారా అని ఎందరో తిట్టారు. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ తన లైసెన్సు మార్చింది. 2002 జూలైలో వెలువడిన డెబియన్ స్థిర విడుదలలో కెడిఇ మళ్ళీ కనిపించింది. తిట్టినవాళ్ళ పక్షాన కూడా న్యాయం కొంత లేకపోలేదు. మధ్యలో కాలం పోగొట్టుకున్నది వాడుకరులే. కాని తలుపు మూసి ఉంచడం వల్ల కూడా బయటివాడి మనసు మారవచ్చునని ఈ కథ చూపింది.

ఇంతవరకు సిద్ధాంతం మాట. ఇక చోటు మాట. సీడీలు వచ్చాక ఒక్కొక్కదానిలో 700 మెగాబైట్లు పట్టసాగాయి. అయినా ప్యాకేజీలు పెరిగిన వేగం ముందు అదెంత? డెబియన్ 2002లో ఏడు సీడీలు, 2005లో పద్నాలుగు. 2023 విడుదలలోని ప్యాకేజీల సంఖ్య 64 వేలకు పైమాటే. సీడీల కాలంలో మామూలు మనిషి దించుకున్నది మొదటి సీడీ. మరి మొదటి దానిలోకి ఎవరు రావాలి?

దీనికి డెబియన్ వాళ్ళు ఒక లెక్క పెట్టారు. ఇష్టపడ్డ వాడుకరుల యంత్రాల నుంచి, పేర్లు లేకుండా, ఏ ప్యాకేజీలు వాడుకలో ఉన్నాయో వారం వారం తెప్పించుకుంటారు. ఎక్కువమంది వాడేది ముందు సీడీలోకి, తక్కువమంది వాడేది వెనక సీడీలోకి. ఎంత న్యాయంగా ఉంది! కాని మనలాంటివాళ్ళకు ఈ న్యాయం కొత్తది కాదు. ఓట్ల లెక్కలో, పాఠ్యపుస్తకాల అచ్చులో, బస్సు బోర్డుల మీద దీన్ని చూస్తూనే ఉన్నాం. పైగా ఈ లెక్కలో ఒక వలయం ఉంది. మొదటి సీడీలో లేదు గనక వాడరు, వాడరు గనక మొదటి సీడీలోకి రాదు. ఇంటర్నెట్ లేని బడిలోని యంత్రం ఆ లెక్కలోకి రానే రాదు.

ఈ సంగతి డెబియన్ వాళ్ళకు తెలియక కాదు. అందుకే భాషల విషయంలో లెక్కను పక్కన పెట్టి వేరే ఏర్పాటు చేశారు. యంత్రంలో వ్యవస్థను ప్రతిష్ఠించేటప్పుడు మొట్టమొదట "ఏ భాష?" అని అడుగుతారు. తమిళం అంటే తమిళానికి కావలసినవన్నీ ఒక కట్టగా వస్తాయి. తెలుగు అంటే తెలుగు కట్ట వస్తుంది. చాలా మంచి ఏర్పాటే. అయితే దాని వెనక ఒక ఊహ ఉంది: ఒక యంత్రానికి ఒక భాష అని. నాట్రంపల్లిలో ఆ ఊహ నిలవదు. ఆ బడిలో ఎవరో తమిళం అన్నారు. అనడంలో తప్పేమీ లేదు, బడి తమిళనాడులోనే ఉంది. తెలుగును ఎవరూ తోసివేయలేదు. రెండోసారి అడగకపోవడం వల్లనే అది బయట ఉండిపోయింది.

ఒక చిత్రం చెప్పాలి. కంప్యూటరు దృష్టిలో తెలుగుకు ఉన్న గుర్తు 'టీఈ-ఐఎన్'. తెలుగు, ఇండియా, అంతే. నల్లగొండ తెలుగుకూ, నాట్రంపల్లి తెలుగుకూ అదే గుర్తు. 1956లో గీసిన గీతా, తిరుత్తణి అటు మారిన 1960 నాటి గీతా దానికి పట్టవు. రాష్ట్రేతరాంధ్రులం అని మనల్ని మనం పిలుచుకుంటున్నాం గాని, ఆ పట్టికలో మనం ఇతరులం కాము.

తెలుగు కట్టలో పెట్టడానికి సరుకు ఎక్కడిదన్నది ఇంకో కథ. అది కూడా చాలావరకు దూరాన ఉన్నవాళ్ళ చలవే. కెనడాలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. రెడ్‌హ్యాట్ కంపెనీ లోహిత్ ఫాంట్లు ఇచ్చింది. తర్వాత సిలికానాంధ్ర వారు విడుదల చేసిన ఫాంట్లు తెలుగువిజయం పేరుతో డెబియన్‌లోకి చేరాయి. వీటికంటే ఎంతో అందమైన ఫాంట్లు పత్రికాఫీసుల్లో ఉండేవి. కాని అవి పంచుకోవడానికి వీలు లేనివి. కెడిఇకి ఏ తలుపు మూసుకున్నదో వీటికీ అదే తలుపు మూసుకున్నది. పోతన, వేమన పేర్లు గల ఫాంట్లు ఎవరి అనుమతీ అడగకుండా నాట్రంపల్లి దాకా వచ్చాయి.

మూటలు కట్టడానికి తెలుగువాళ్ళూ పూనుకున్నారు. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో నడిచే లినక్స్‌ను సీడీగా తెచ్చారు. పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని విడిగా కట్టినప్పుడు బొమ్మలు గీసే టక్స్ పెయింట్, ఆటపాటల జీకాంప్రి వంటివాటికి ముందు పీట వేశారు. ఆఫీసు గుమాస్తాకు పనికివచ్చేదంతా పిల్లవాడికి పనికిరాదని గ్రహించడమే అక్కడి తెలివి. ఇటు మద్రాసులో సి-డాక్ వారు 2007 జనవరిలో డెబియన్ ఆధారంగా బాస్ అనే భారతీయ మూటను విడుదల చేశారు. కేంద్ర ప్రభుత్వపు సొమ్ముతో కట్టింది గనక అందులో మన దేశభాషలు చాలావాటికి ఒకేసారి చోటు దొరికింది. జనం లెక్క అడగలేదు. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాపులు మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. మన పిల్లల్లో ఎందరు దాన్ని తెరిచి తెలుగు వైపు చూశారో గాని, ఉండడమైతే ఉంది.

ఆ ఉండడం ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. తెలుగు పరీక్షకు అక్కరలేని భాషగా మారుతున్న చోట, పిల్లవాడి వేలికి అందే యంత్రంలో కూడా అది డబ్బాలుగా కనిపిస్తే వాడు ఏమనుకుంటాడు?

డెబియన్ సూత్రాన్ని గుర్తుంచుకోమన్నాను. సంరక్షకుడు వదిలేసిన ప్యాకేజీని వాళ్ళు 'అనాథ' అనే పిలుస్తారు. అనాథల పట్టిక ఒకటి అందరికీ కనిపించేట్టు పెడతారు. ఎవరైనా ముందుకు వస్తే దత్తత. రాకపోతే కొన్నాళ్ళకు ఒక విడుదల నుంచి జారిపోతుంది. భారతీయ భాషల ఫాంట్లను అలా జారిపోకుండా కాచినవాళ్ళలో డెబియన్-ఐఎన్ అనే చిన్న బృందం ఉంది. అందులోని వాళ్ళు తమవి కాని భాషల ఫాంట్లను కూడా మోశారు. తెలుగు చదవడం రానివాడు తెలుగు ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో చూడవలసివచ్చిందంటే లోటు ఎవరిదో మనమే చూసుకోవాలి.

ఆ బడి సంచిక అచ్చయింది. తెలుగు పుటలు నాలుగు. గదిలోని మిగిలిన యంత్రాల్లో కూడా ప్యాకేజీ వేయడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు, వాణియంబాడి నుంచి వచ్చే ఉపాధ్యాయుడు ఒకరు నా పక్కన నిలబడి అంతా చూసి, "ఉర్దూకు కూడా ఇలాంటిది ఉంటుందా?" అని అడిగారు. ఉంది, నఫీస్ అని. ఆ రోజు సెల్‌ఫోనులో డేటా అయిపోయింది. వచ్చే నెల పెన్‌డ్రైవులో తీసుకువస్తానని చెప్పి వచ్చాను.