సంగీత స్పందన: సంస్కృతి ప్రభావం

పాట వింటున్నప్పుడు మెదడు రాబోయే స్వరాన్ని, దరువును ముందే ఊహిస్తుంది. ఆ ఊహకు ఆధారం బాల్యం నుంచి చెవినపడిన సంగీతమే. ఉత్తర అమెరికా శిశువులు ఆరు నెలల వయసులో పరాయి బాల్కన్ లయల్లోని మార్పులను సైతం పసిగట్టినా, ఏడాదికల్లా ఆ నేర్పు సన్నగిల్లుతుందని పరిశోధకులు హానన్, ట్రెహబ్ 2005లో చూపారు. పాశ్చాత్యులకు కర్కశంగా తోచే స్వరమేళనాలు బొలీవియాలోని త్సిమానే ప్రజలకు మధురమైనవాటితో సమానంగానే నచ్చాయని మెక్‌డెర్మట్ బృందం 2016లో వెల్లడించింది. తెలంగాణలోని బెల్లంపల్లి బొగ్గుగనుల ప్రాంతంలో ఒగ్గుకథ డోలు, సినిమా పాట, దీపావళి వేళ జరిగే దండారి వేడుకలో నెమలీకల కిరీటాలు ధరించిన గోండు గుస్సాడీల అడుగులను నడిపించే డప్పు, సన్నాయిని పోలిన పెప్రె వినిపిస్తాయి కనుక, ఒకే చెవి పలు సంప్రదాయాలకు అలవాటుపడే తీరును పరిశీలించేందుకు ఇది ఎంతో విలువైన చోటు. సంస్కృతే సర్వస్వం మాత్రం కాదు: పాశ్చాత్య సంగీతం ఎరుగని కామెరూన్ మాఫా ప్రజలు అందులోని సంతోషాన్ని, దుఃఖాన్ని, భయాన్ని గుర్తించగలిగారని 2009 నాటి ఫ్రిట్జ్ బృందం అధ్యయనం తేల్చింది.