భుజం కీలు అరిగితే స్టెరాయిడ్ ఇంజెక్షన్: ఖైతాన్‌లోని మనవాళ్లు తెలుసుకోవాల్సినవి

ఇంటిపనికైనా, డ్రైవింగ్‌కైనా చేయి పైకి లేవాలి. భుజం కీలు అరిగినప్పుడు అందులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపును, నొప్పిని తగ్గిస్తుంది. అరిగిన కీలును మాత్రం బాగుచేయదు. ఉపశమనం కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉంటుంది. మొదటి 1, 2 రోజులు నొప్పి పెరగవచ్చు.

షుగర్ ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. సాధారణంగా ఒకే కీలుకు ఏడాదిలో 3, 4కు మించి ఇవ్వరు.

సెలవుపై ఊరెళ్లి కీలు మార్పిడి చేయించుకోవాలనుకుంటే, ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య కనీసం 3 నెలలు ఉండాలి. లేకుంటే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. అందుకే ఇంజెక్షన్ తేదీ, మందు పేరు రాయించుకుని వెంట తీసుకెళ్లండి.

జ్వరం వచ్చినా, భుజం ఎర్రబడి వేడెక్కినా ఆలస్యం చేయకుండా ఫర్వానియా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.