తెల్లపాము వంశవృక్షం

కార్తీక శుద్ధ చవితి అంటే నాగులచవితి. ఆ రోజు తెల్లవారేసరికి పెనుగొండ చుట్టుపక్కల పొలంగట్ల మీద ప్రతి పుట్ట దగ్గరా జనమే. ఆవుపాలు, చలిమిడి, చిమ్మిలి, కొందరి ఆనవాయితీ ప్రకారం కోడిగుడ్డు కూడా పుట్టలో పడతాయి. అక్కడ పెద్దవాళ్ళు చెప్పే కథల్లో శ్వేతనాగుకి ఎప్పుడూ పెద్దపీటే. 2004లో సౌందర్య నటించిన సినిమాకి ఆ పేరే పెట్టారు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఇంకో తెల్లపాము తిరుగుతోంది. పాలమీగడ రంగు ఒంటిమీద పసుపు, నారింజ పట్టీలు, కెంపుల్లాంటి కళ్ళు. ఒక కుర్రాడు దాన్ని మెడలో దండలా వేసుకుని నవ్వుతుంటాడు. అది అల్బినో బోవా, అంటే ఒంట్లో నల్లరంగు పదార్థం లేకుండా పుట్టిన బోవా పాము. దాని సొంతగడ్డ మధ్య, దక్షిణ అమెరికా. ఆ రంగు కోసం మనుషులు దాని వంశాన్ని ఎంత ఇరుకు చేశారో తెలిస్తే, ఆ వీడియో చూసి ముచ్చటపడటం కష్టం.

గోదావరి గట్టుకీ పాములకీ సంబంధం పాతదే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగులోకి తెచ్చిన ఆదిపర్వంలోనే జనమేజయుడి సర్పయాగం ఉంది. ఆ తర్వాత ఏడు శతాబ్దాల్లో మనకి మిగిలినవి ఎక్కువగా కథలు, నోములు, విషవైద్యాలు. పాముని పాముగా చూసి, పొలుసులు లెక్కపెట్టి, బొమ్మ గీయించి, స్థానికుల నోట విన్న పేరు కింద రాసుకున్నవాడు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల మీద పనిచేశాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో రంగుల బొమ్మలకి తెలుగు పేర్లున్నాయి. మనం రక్తపింజర అంటున్న పాము అందులో ‘కాటుక రేకుల పొడ’. కొండచిలువ ‘పెద్ద పొడ’.

పాముకైనా పులికైనా రంగు ఎలా వారసత్వంగా వస్తుందో చెప్పే సూత్రం 1866లో మెండెల్ బఠానీ మొక్కల వ్యాసంతో వచ్చింది. ఆ సూత్రం ఒక జంతువు జీవితంలో ఎలా పనిచేసిందో తెలుసుకోవాలంటే మధ్య భారతంలోని ఒకప్పటి రేవా సంస్థానానికి వెళ్ళాలి. ఈ మొత్తం చరిత్రలో మనసుకి బాగా పట్టే కథ అదే.

1951 మే నెల. వేటలో తల్లిని పోగొట్టుకున్న తెల్లపులి కూన ఒకటి రేవా మహారాజు మార్తాండసింగ్ మనుషులకి దొరికింది. దానికి మోహన్ అని పేరు పెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచారు. చారలున్నాయి, కళ్ళు నీలం, కాబట్టి అది పూర్తి అల్బినో కాదు. రంగు దాగి ఉండే పద్ధతి మాత్రం అదే. ఈడొచ్చాక బేగం అనే మామూలు ఆడపులితో జత కట్టించారు. మూడు ఈతల్లో పది పిల్లలు పుట్టాయి. పదీ పసుపువే. రాజుగారి ఆశ అక్కడితో ఆగిపోవాల్సింది.

ఆగలేదు. ఆ పది పిల్లలూ పైకి పసుపే గానీ, ప్రతిదానిలోనూ తండ్రి ఇచ్చిన తెల్లరంగు జన్యువు ఒకటి నిద్రపోతోంది. వాటిలో రాధ అనే ఆడపులిని తండ్రికే జతచేశారు. 1958 అక్టోబర్ 30న నాలుగు పిల్లలు పుట్టాయి. నాలుగూ తెలుపే: రాజా, రాణి, మోహిని, సుకేశి. 1960లో మోహిని వాషింగ్టన్ వెళ్ళి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముందు నిలిచింది. అక్కడా దానికి బయటి సంబంధం దొరకలేదు. ముందు సవతి అన్నతో, తర్వాత కన్నకొడుకుతో జతచేశారు.

మేనరికాలు మనకి కొత్త కాదు. మేనమామ కూతుర్నో, అక్క కూతుర్నో చేసుకున్న ఇంట్లో కడుపు పండగానే డాక్టరు వంశంలో జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. ఒకే పూర్వీకుడి దగ్గర దాగిన లోపం రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలుస్తుందని ఆయన భయం. పులుల విషయంలో అడిగినవాళ్ళే లేరు. 1973లో శాస్త్రవేత్తలు తెల్లపులిలో కంటి నరాలు మెదడుకి తప్పు దారిన చేరుతున్నాయని చూపించారు. మెల్లకన్ను అందుకే. 2013లో చైనా పరిశోధకులు ఆ తెలుపుకి కారణమైన జన్యువుని పట్టుకున్నారు. తేడా ఒకే ఒక్క చోట ఉంది. విశాఖ, హైదరాబాద్ జూల్లో పిల్లలు కేరింతలు కొట్టే తెల్లపులి వెనక ఇంత కథ ఉంది.

ఇదే కథ బోవాల్లోనూ నడిచింది. కొలంబియా నుంచి వచ్చిన అల్బినోలతో అమెరికాలో రెండు వంశాలు స్థిరపడ్డాయి. పెంచినవాళ్ళ పేర్లమీద ఒకటి కాల్, రెండోది షార్ప్. అల్బినోని మామూలు పాముతో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగే. వాటిని పెంపకందార్లు ‘హెట్’ అంటారు. రెండు హెట్‌లని కలిపితే సగటున నాలుగింట ఒకటి తెలుపు. అందుకే అన్నాచెల్లెళ్ళని, తల్లీకొడుకులని జతచేయడం అలవాటైంది. కాల్ వంశంలో కంటి లోపాలు పెంపకందార్లందరికీ తెలిసిన సంగతే. కొన్ని పిల్లలు చిన్న కళ్ళతో, కొన్ని అసలు కళ్ళు లేకుండా పుట్టాయి. తెలియక కాల్‌నీ షార్ప్‌నీ కలిపితే ఒక్క తెల్లపిల్లా పుట్టదు, ఎందుకంటే రెండు తెలుపులూ వేర్వేరు జన్యువులవి.

ఆ తర్వాత లెక్క ఇంత సాఫీగా లేదు. 2010లో అమెరికాలో ఒక ఆడ బోవా మగపాము పాత్ర లేకుండానే రెండు కాన్పుల్లో 22 పిల్లలని కన్నట్టు డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. అన్నీ ఆడవే, అన్నిటికీ తల్లిలో ఉన్న అరుదైన రంగే. దాని ఆధారంగా బోవాల లింగ క్రోమోజోముల గురించి అనుకున్నది 2017లో మళ్ళీ మారింది. 2012లో బోవాలని చంపే ఒక వ్యాధి వెనక వైరస్ ఉందని తెలిసింది. దానికి మందు లేదు. తల్లి నుంచి పిల్లలకీ సోకుతుంది.

ఇక మన సంగతి. బోవాలు అసలు లేని అరూబా దీవిలో 1999లో అవి బయటపడ్డాయి. ఆ దీవి వాటిని ఇంతవరకూ వదిలించుకోలేకపోయింది. ఎలుకలకి కొదవలేని వరిచేలు, ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే కాలవగట్లు ఉన్న మన గోదావరి డెల్టాలో, పోషించలేక ఎవరో వదిలేసిన బోవా బతకదని ధీమా పడటానికి లేదు. 2022 సవరణ తర్వాత, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే ఇలాంటి విదేశీ జంతువులూ వన్యప్రాణి చట్టంలో చేరాయి. 2024 నిబంధనల ప్రకారం ఇంట్లో పెంచుతున్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టినా, చచ్చినా, చేతులు మారినా తెలపాలి.

కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా తెల్లపాము పిల్ల అమ్ముతామంటే కొనకండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే నమోదు చేయించండి, రెండోదాన్ని తెచ్చి జత కట్టించకండి. పోషించలేకపోతే కాలవలో వదలకండి, అటవీశాఖకి అప్పగించండి. పుట్టలో పాలు పోసే చేతులు చేయాల్సిన పుణ్యం ఇదే.