వీరుని వెంట శునకము

ప్రాచీనులు సేనను నాలుగు అంగములుగా విభజించిరి: రథములు, గజములు, తురగములు, పదాతులు. ఈ నాలుగింటిలో శునకమునకు చోటు లేదు. కావ్యములలో ఏనుగునకు పద్యములున్నవి. గుఱ్ఱమునకు శాస్త్రమే కలదు. కుక్క మాట వచ్చినపుడు మాత్రము మన నోట తిట్టుగానే వెడలును. అయినను, సైనికుని విడిదిలో రాత్రి మేల్కొని యుండునదియు, వాని పళ్ళెములోని మెతుకులు తినునదియు, వాడు పడినచోట విడువక నిలుచునదియు ఈ జంతువే. దీనికి లోకము ఏమి చెల్లించినది, ఏమి బాకీ పడినది అను విషయమును నాకు తెలిసినంత మట్టుకు మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో పాఠకుల యెదుట ఉంచుచున్నాను.

ముందుగా భారతము. నన్నయగారి ఆదిపర్వమున కథ మొదలగుచుండగానే సరమ యను దేవశునకము బిడ్డ జనమేజయుని యజ్ఞస్థలమునకు పోయి, ఆ రాజు తమ్ములచేత నిష్కారణముగా దెబ్బలు తినును. తల్లి వచ్చి రాజునే నిలదీయును. తిక్కనగారు తెనిగించిన మహాప్రస్థానికపర్వమున, యుద్ధములన్నియు ముగిసి, ద్రౌపదియు తమ్ములును ఒకరి వెనుక నొకరు దారిలో ఒరిగిపోయిన పిదప ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. దానిని విడిచి రథమెక్కుమన్న ఇంద్రునితో ఆయన వాదమునకు దిగెను. కుక్కను కొట్టినవారి వంశ చరిత్రయే ఈ భారతమంతయు నన్న సంగతి మనము తఱచుగా మఱచుచుందుము.

ఇది ధర్మకథ. యుద్ధమునకు పనికివచ్చు శునకముల ప్రసక్తి రామాయణమున కలదు. అయోధ్యాకాండ 70వ సర్గలో, మేనమామ యింటినుండి అయోధ్యకు బయలుదేరిన భరతునకు కేకయరాజు ఇచ్చిన కానుకలలో ఏనుగులతో, గుఱ్ఱములతో పాటు, రాజగృహమున పెంచిన మహాకాయములు గల కుక్కలున్నవి. వాని బలమును వాల్మీకి పులి బలముతో పోల్చినాడు. కేకయదేశము పంజాబు ప్రాంతమునకు చెందినది. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు ఇంచుమించు ఆ ప్రాంతముననే సాగుచుండగా సౌభూతి యను రాజు (గ్రీకులు సోపైతీసు అనిరి) అతనికి 150 వేటకుక్కలను కానుకగా నిచ్చినట్లు డియొడోరస్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. వాని సత్త్వమును చూపుటకు సింహముపై కుక్కలను వదలిరట. ఒక కుక్క సింహమును పట్టుకొనగా, దాని కాలు కత్తితో కోయుచున్నను అది పట్టు విడువలేదట. ఆ పరీక్ష క్రూరమైనదే. కాని రామాయణకవి చెప్పిన కానుకయు, గ్రీకు చరిత్రకారుడు చెప్పిన కానుకయు ఒకే నేలనుండి వచ్చినవగుట గమనింపదగినది. పురాణమును చరిత్రయు ఒకదాని నొకటి ఇట్లు బలపఱచుట అరుదు.

అంతకు నూఱేండ్లకు పైగా పూర్వమువాడైన హెరడోటస్ వ్రాసినది మఱియు వింతయైనది. పారసీక సామ్రాజ్యమున బాబిలోను నేలిన రాజప్రతినిధి వద్ద భారతదేశపు కుక్కలు ఎన్ని యుండెననగా, వాని మేపుటకై నాలుగు పెద్ద గ్రామములను నియమించి, ఆ గ్రామములకు తక్కిన పన్నులన్నియు మాఫీ చేసిరట! ఊరి లెక్కలు వ్రాయు నాకు ఈ వాక్యము చదివినపుడు కలిగిన ఆశ్చర్యము చెప్పనలవి కాదు. దేవుని పేర, బ్రాహ్మణుని పేర, చెఱువు పేర ఇనాములు విన్నాము. కుక్కల పేర నాలుగు గ్రామముల శిస్తు ఏ ఖానాలో చూపిరో! క్రీ.పూ. 480లో జెర్‌క్సీసు చక్రవర్తి గ్రీసుపై దండెత్తినపుడు, అతని సేన వెంట నడచిన భారతదేశపు కుక్కలను లెక్కించుట ఎవరికిని సాధ్యము కాదని అదే గ్రంథకర్త చెప్పినాడు. మన దేశమునుండి పడమటికి పోయిన సరకులలో మిరియములు, వస్త్రములు ఉన్నట్లు పాఠ్యపుస్తకములలో చదివితిమి. కుక్కలను ఎవరును చెప్పలేదు.

కౌటిల్యుడు ఇట్టి ఆడంబరములకు పోలేదు. అర్థశాస్త్రము రెండవ అధికరణమున, పచ్చిక బయళ్ళపై అధికారి చేయవలసిన పనులు చెప్పుచు, వేటగాండ్రును, కుక్కల గుంపులను పోషించు శ్వగణులును అడవులలో తిరుగుచుండవలెననియు, దొంగలుగాని శత్రువులుగాని వచ్చినచో చెట్టుపైనో కొండపైనో దాగి శంఖము ఊదియో దుందుభి మ్రోగించియో తెలుపవలెననియు విధించినాడు. నేడు సరిహద్దులలో కావలికుక్కతో తిరుగు సైనికుడు చేయునది ఆ పనియే.

దక్షిణదేశమునకు వత్తము. పశువులను శత్రువులు తోలుకొని పోవునపుడు అడ్డగించి మరణించిన వీరులకు శిలలు నిలుపుట ఇచ్చటి ఆచారము. తమిళనాట తిరువణ్ణామలై జిల్లాలో చెంగము చెంత ఎడుత్తనూరు అను గ్రామమున అట్టి వీరశిల యొకటి యున్నది. పల్లవ మహేంద్రవర్మ 34వ రాజ్యసంవత్సరము నాటిది, అనగా ఏడవ శతాబ్దము మొదటి పాదములోనిది. వీరుని ప్రతిమతో పాటు కుక్క ప్రతిమయు చెక్కిరి. ఆ కుక్క పేరు కోవివన్ అనియు, అది ఇద్దఱు దొంగలను కఱచి కాచి నిలిచినదనియు శాసనము చెప్పుచున్నది. పదునాలుగు వందల యేండ్ల క్రిందటి రైతు పేరు మనకు దొరకుట కష్టము. ఆ యూరి కుక్క పేరు దొరకినది.

దీనికంటె ప్రసిద్ధమైనది కర్ణాటకమున మండ్య జిల్లా ఆతకూరులో దొరకి, ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియములో నున్న శిల. దీని కథ మన ప్రాంతమునకు పరాయిది కాదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు 949లో తక్కోలము వద్ద చోళులతో పోరెను. గంగరాజు బూతుగుడు ఆ పోరులో చోళరాజకుమారుడైన రాజాదిత్యుని చంపెను. బూతుగుని సేవకుడు మణలేరుడు యుద్ధమున గొప్ప శౌర్యము చూపినాడు. చక్రవర్తి మెచ్చి, నీకేమి కావలయునో కోరుకొమ్మనగా, మణలేరుడు ఊళ్ళు కోరలేదు, బంగారము కోరలేదు. చక్రవర్తి పెంచుకొనుచున్న కాళి యను వేటకుక్కను ఇమ్మని అడిగినాడు! యుద్ధమున ప్రాణమొడ్డిన బంటు జీవితమున ఒక్కసారి వచ్చు వరమును ఇట్లు వినియోగించెను. కొందఱు దీనిని అవివేకమందురేమో. రణరంగమున ఎవడు వెన్నంటి యుండునో, ఎవడు తొలగిపోవునో చూచివచ్చినవాడు అతడు. అతని యెన్నికను మన గట్లమీద కూర్చుండి తూచుట తగదు.

తరువాత బేలతూరు కొండవద్ద కాళిని ఒక పెద్ద అడవిపందిపై వదలిరి. కుక్కయు పందియు ఒకదానిచే నొకటి చచ్చెను. ఆతకూరు చల్లేశ్వరుని గుడి ముందట ఈ శిల నాటించి, దానిపై పోరుచున్న కుక్కను, పందిని చెక్కించి, పూజకై భూమి విడిచిరి. ఆ భూమి ననుభవించు గొరవడు శిలకు పూజ చేయక అన్నము తినిన పాపము కట్టుకొనునని కట్టడి వ్రాసిరి. శకవర్షము 872. భూమి, షరతు, శిక్ష అన్నియు గల పక్కా దస్తావేజు ఇది. ఆ శిలమీదనే చక్రవర్తి విజయమును, చోళుని మరణమును వ్రాసిరి. తక్కోలము యుద్ధమును గూర్చి వ్రాయు ప్రతి చరిత్రకారుడు నేటికిని ఈ కుక్క శిలను చూడక తప్పదు. రాజుగారి విజయమును ఒక కుక్క సమాధి కాపాడినది.

మూడవ కృష్ణుడే మన వేములవాడ చాళుక్యులకు సార్వభౌముడు. సోమదేవసూరి యశస్తిలకమును 959లో ముగించునపుడు, కృష్ణుడు చోళాదులను జయించి మేల్పాటిలో విడిసియుండెనని గ్రంథాంతమున చెప్పుకొన్నాడు. ఆ గ్రంథము ముగించిన గంగాధర, మన కరీంనగరము చెంతనున్న గంగాధరయే యని పరిశోధకుల అభిప్రాయము. కనుక కాళి యజమాని ఆజ్ఞ చెల్లిన నేలలో మన పెద్దలును ఉండిరన్నమాట.

ఆతకూరు శాసనములోని గొరవ శబ్దమును ఇంకొంచెము పట్టుకొనవలెను. గొరవలనగా శైవవ్రతులు. కర్ణాటకమున మైలారదేవుని భక్తులకు నేటికిని ఆ పేరే. వారిలో కొందఱు తాము స్వామివారి కుక్కలమని చెప్పుకొని, కుక్కవలె మొఱగుచు, గిన్నెలో పెట్టిన ప్రసాదమును నోటితో తినుట మ్రొక్కుబడిగా పాటింతురు. మన ఓరుగల్లులో మైలారదేవుని కొలుపులను, గొరగపడుచు ఆటను క్రీడాభిరామము వర్ణించినది. ఆ మైలారుడే మనకు మల్లన్న. మణి, మల్లుడను రాక్షసులపై యుద్ధమునకు వెడలిన ఈ దేవుని వెంట గుఱ్ఱమును, కుక్కయు ఉండును. రాక్షసుని రక్తబిందువులు నేలపై పడిన మఱల రాక్షసులు పుట్టుదురు గనుక, స్వామి కుక్క ఆ రక్తమును నేల రాలనీయక త్రాగెనని కొన్ని కథనములున్నవి. పెద్దపల్లి జిల్లాలోని ఓదెల మల్లన్న జాతరకు పోవని కుటుంబము మనలో అరుదు. పట్నములు వేయుటయు, ఒగ్గువారు డోలు దెబ్బపై మల్లన్న కథ చెప్పుటయు అందఱము చూచినవారమే. గొఱ్ఱెల కాపరుల దేవునికి కుక్క తోడుండుట సహజము. మందకు తోడేలు నుండి రక్షణ యెట్టిదో, దేవునికి రాక్షసుని నుండి రక్షణయు అట్టిదే యని కురుమ సోదరులు భావించియుందురు. దేవుని పటమునకు మ్రొక్కి, గుడి బయటి కుక్కను రాతితో కొట్టు వారును మనలోనే కలరు.

పాశ్చాత్యుల విషయము క్లుప్తముగా చెప్పెదను. వారి దళములలో మాస్కటు అను ఆచారము కలదు. పని చేసినను చేయకున్నను ఒక జంతువును దళమంతయు తమ అదృష్టముగా పెంచుకొందురు. 1880 జూలై 27న ఆఫ్ఘనిస్థానమున మైవాండు వద్ద ఆంగ్లేయ సేన ఓడినపుడు, 66వ దళమునకు చెందిన బాబీ యను చిన్న కుక్క గాయముతో బ్రతికి బయటపడి, తన దళమువారిని చేరుకొన్నది. మఱుసటి యేడు విక్టోరియా రాణి దానికి స్వయముగా పతకము కట్టినది. 1882లో అది ఇంగ్లండు వీధిలో బండి క్రింద పడి మరణించినది. యుద్ధము విడిచిన ప్రాణమును బండి తీసినది. మొదటి ప్రపంచ సంగ్రామమున అమెరికా దళములోని స్టబీ యను కుక్క ఫ్రాన్సులో 17 పోరాటములలో సైనికుల వెంట నుండెను. 1943లో ఇంగ్లండున మరియా డికిన్ అను నామె యుద్ధజంతువులకై ప్రత్యేక పతకమును నెలకొల్పినది.

స్వతంత్ర భారతసేన 1960లో మీరట్టులో శునక శిక్షణాలయము తెఱచినది. అడుగుజాడ పట్టుట, పాతిపెట్టిన మందుపాతర పసికట్టుట, కావలి కాయుట, మంచులో కూరుకొన్న మనిషిని వెదకుట అచ్చట నేర్పుదురు. చాలకాలము విదేశీజాతులనే వాడిరి; 2016 నుండి ముధోళ జాతికిని శిక్షణ మొదలు పెట్టిరి. ఇది మన నిర్మల్ జిల్లాలోని ముధోలు గాదు, కర్ణాటకమున బాగలకోటె జిల్లాలోనిది. పేరు ఒకటే యగుటచే మనవారు కొందఱు సంతోషపడుట విన్నాను. మన పోలీసుశాఖలో 1989లో కె.ఎస్. వ్యాస్ నెలకొల్పిన ప్రత్యేక దళమునకు గ్రేహౌండ్స్ అనగా ఒక వేటకుక్క జాతి పేరే పెట్టిరి. ఆ పేరు వినని యిల్లు కరీంనగర, ఆదిలాబాదు సీమలలో లేదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదముపై, దాదాపు 19,600 అడుగుల యెత్తున, మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికులపై మంచుగోడ విఱిగిపడినది. వారిలో నాటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకడు. గాలి పలుచన, చలి శూన్యమునకు ఎంతో దిగువ, కూలినది పొడిమంచు గాదు, బండవంటి గడ్డ. యంత్రములతో కోసిరి, రాడారుతో వెదకిరి. డాట్, మీషా అను రెండు శునకములు ఆ యెత్తున పసికట్టుచు తిరిగినవి. ఆఱవ నాడు హనుమంతప్ప యను కన్నడ సైనికుడు ఊపిరితో దొరికెను. దేశమంతయు ప్రార్థించినది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో అతడును కన్నుమూసెను. తక్కిన తొమ్మిదిమంది దేహములు ఇండ్లకు చేరినవి. కొడుకు ముఖము కడసారి చూచిన తల్లికి ఆ కుక్కల ముక్కు చేసిన ఉపకార మెంతయో లెక్క కట్టువారెవరు?

2015 ఆగస్టులో కాశ్మీరమున తంగ్‌ధార్ వద్ద చొఱబాటుదారుల నడ్డగించుచు మాన్సీ యను శునకమును, దాని శిక్షకుడు బషీర్ అహ్మద్ వార్‌యు కలిసి మరణించిరి. మాన్సీ పేరు సైనిక ప్రశంసాపత్రమున ఎక్కినది. 2022 జూలై 30న బారాముల్లాలో ఆక్సెల్, అదే సంవత్సరము అక్టోబరులో జూమ్ తుపాకి గుండ్లకు బలియైనవి. 2023 సెప్టెంబరులో రాజౌరిలో కెంట్ యను ఆఱేండ్ల ఆడుశునకము తన సైనికుని కాపాడుచు ప్రాణము విడిచినది.

చచ్చినవానికి గౌరవము దక్కినది. బ్రతికి ముసలివైన వాని గతి యేమి? 2015 వరకు, సేవకు పనికిరాని శునకమును సూదిమందుతో శాశ్వతముగా నిద్రపుచ్చుటయే సైన్యమున ఆచారము. సమాచారహక్కు చట్టము క్రింద ఒకరు ప్రశ్నింపగా ఈ సంగతి వెల్లడియైనది. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము నడచినది. పెంపకపు ఖర్చును, మందుల ఖర్చును లెక్కవేసిన అధికారి ఆ నిర్ణయమునకు ఎట్లు వచ్చెనో నేను ఊహింపగలను. జమాఖర్చులో ముసలికుక్క ఖర్చువైపే కనబడును. ఎనిమిది తొమ్మిదేండ్లు మందుపాతరల నడుమ నడచిన కాళ్ళు జమవైపున వ్రాయబడవు. బాబిలోనువారు నాలుగు గ్రామములు విడిచిరి, ఆతకూరువారు మడి విడిచిరి. వారి లెక్క వేఱు. ప్రభుత్వము ఆ పద్ధతిని మార్చుకొన్నది. ఇప్పుడు విశ్రాంత శునకములను మీరట్టు కేంద్రమున పోషించుచున్నారు. పెంచుకొనగోరు గృహస్థులకును ఇచ్చుచున్నారు. కోరువారు మీరట్టులోని రిమౌంటు పశువైద్య దళకేంద్రము అధిపతికి దరఖాస్తు వ్రాసికొనవలెను. బొచ్చు దట్టముగా గల జాతులు మన రామగుండము ఎండలకు ఓర్వజాలవు గనుక, దరఖాస్తు పెట్టువారు ఆ సంగతి ముందుగా విచారించుకొందురు గాక.