ముంచింగిపుట్టు కొండల్లో ఓలి ఒప్పందం: పెళ్లితంతు లేని సహజీవనం, చట్టం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పెళ్లి చేసుకోకుండా దీర్ఘకాలం కలిసి జీవించే స్త్రీపురుషుల ఒప్పందాలు నగరజీవితపు కొత్త పోకడగా చర్చకు వస్తున్నాయి. తూర్పుకనుమల ఆదివాసీ సమాజాలలో మాత్రం ఇటువంటి జీవనానికి సాక్షులు, చెల్లింపు, షరతులు గల మౌఖిక ఒప్పందం చాలాకాలంగా ఉంది. ఈ ఆచారానికీ రాతచట్టానికీ మధ్య ఉన్న సంబంధాన్నీ, అందులో స్త్రీ భూమిహక్కు స్థానాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఓలి, ఉదులియా, సహజీవనం, ఆచారన్యాయం, ఏజెన్సీ, గ్రామసభ, అటవీహక్కులు.

1. ఉపోద్ఘాతం

ముంచింగిపుట్టు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. 2022 జిల్లాల పునర్విభజనకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఈ కొండప్రాంతంలో బగత, కోటియా, పోర్జ, కోందు, గదబ, కొండదొర, వాల్మీకి తెగలవారు నివసిస్తున్నారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి వంటి భాషలు ఇక్కడ వినిపిస్తాయి. వివాహవిధానాలలో తెగకూ తెగకూ భేదాలున్నా, తంతుకు ముందే కాపురం మొదలుకావడం తప్పుగా భావించకపోవడం వీటిలో పలు సమాజాలకు ఉమ్మడి లక్షణం.

2. ఓలి: సాక్షులున్న మౌఖిక ఒప్పందం

పెద్దలు కుదిర్చిన సంబంధం, ఇల్లరికం, ఇద్దరూ ఇష్టపడి వెళ్లిపోవడం అనేవి ఇక్కడి ప్రధాన విధానాలు. చివరిదాన్ని ఒడియా ప్రభావం ఉన్న తెగలు ‘ఉదులియా’ అంటాయి. జంట వెళ్లిపోయిన తరువాత ఊరిపెద్దల సమక్షంలో ఇరుపక్షాలు కూర్చొని ఓలి నిర్ణయిస్తాయి. ఓలి వరుని పక్షం వధువు పక్షానికి ఇచ్చేది. అది డబ్బు, ధాన్యం, పశువు, బట్టలు, కల్లు లేదా సారా రూపాల్లో ఉండవచ్చు. దిసారి ముహూర్తం పెట్టి జరిపే తంతునూ, ఊరందరికీ పెట్టే విందునూ స్తోమత కలిగేవరకు వాయిదా వేసుకోవచ్చు. కాపురం మాత్రం ఆగదు.

దీన్ని ‘కన్య వెల’ అని అనువదించిన వలసకాలపు రచనలు ఒక ముఖ్యాంశాన్ని మరుగుపరిచాయి. ఓలి బాధ్యతలను నిర్ణయించే ఒప్పందం కూడా. స్త్రీ మరొకరితో వెళ్లిపోతే ఓలిని తిరిగి ఎవరు చెల్లించాలో, పురుషుడు విడిచిపెడితే తప్పు ఎవరు కట్టాలో ముందే తెలిసి ఉంటుంది. దానికి రాతపత్రం లేకున్నా సాక్షులున్నారు. అయితే దీని పరిమితిని కూడా గుర్తించాలి. సంబంధం స్త్రీ ఇష్టంతో మొదలైనా ఒప్పందం రెండు ఇళ్ల మగవారి మధ్య జరుగుతుంది. సొమ్ము ఆమె చేతికి రాదు. భూమి గురించి ఆ ఒప్పందం దాదాపు మౌనంగానే ఉంటుంది.

3. పాలనాచట్రంలో ఆచారం

గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలలో చెలరేగిన తిరుగుబాట్ల తరువాత 1839లో 24వ చట్టం ఈ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరుకు అప్పగించింది. ‘ఏజెన్సీ’ అనే పేరు అక్కడినుంచి వచ్చింది. 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1924 ఏజెన్సీ నియమాలు ఈ ప్రత్యేకతను కొనసాగించాయి. కొండల్లో కుటుంబ తగాదాలు ఆచారం ప్రకారం ఊరిపెద్దల ముందే తీరేవి. 1969 రెగ్యులేషన్ ముఠాలను రద్దుచేసినా ఊరిపెద్దల తీర్పు పూర్తిగా ఆగలేదు.

స్వాతంత్ర్యానంతరం 1955 హిందూ వివాహచట్టం, 1956 హిందూ వారసత్వచట్టం తమ 2(2) సెక్షన్ల ద్వారా, కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించవని చెప్పాయి. ఫలితంగా ఆచారమే చట్టమైంది. కానీ న్యాయస్థానంలో ఆచారాన్ని రుజువు చేయవలసిన భారం దాన్ని ఆశ్రయించినవారిదే. 2001లో సూరజ్‌మణి స్టెల్లా కుజూర్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

4. రాతపత్రానికి దక్కని గుర్తింపు

మైదానప్రాంతంలో సమస్య వేరు. 1872 ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ నీతివిరుద్ధమైన ఒప్పందం చెల్లదంటుంది. పెళ్లి లేని కాపురానికి రాసుకున్న పత్రాలు ఈ సెక్షన్ నీడలోనే ఉండిపోయాయి. 1970, 80 దశకాలలో గుజరాత్‌లో స్టాంపు కాగితాలపై రాసుకున్న ‘మైత్రీ కరార్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వాటిలో సాధారణంగా పురుషుడు అప్పటికే వివాహితుడు. అందుచేత అవి ద్విభార్యత్వ నిషేధాన్ని తప్పించుకొనే మార్గంగా విమర్శకు గురయ్యాయి. ఓలికి ఉన్న సామాజిక సాక్ష్యం వాటికి లేదు.

న్యాయస్థానాలు పత్రం కంటే జీవనాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. సుమారు 50 ఏళ్లు కలిసి జీవించిన జంట విషయంలో 1978 నాటి బద్రీప్రసాద్ తీర్పు వివాహం జరిగినట్లే భావించింది. 2005 గృహహింస చట్టం ‘వివాహ స్వభావం గల సంబంధం’లోని స్త్రీకి రక్షణ కల్పించింది. సమాజం ముందు భార్యాభర్తలుగా మెలగడం, తగిన వయసు, వివాహార్హత, గణనీయమైన కాలం స్వచ్ఛందంగా కలిసి ఉండడం అనే గీటురాళ్లను 2010 వేలుసామి తీర్పు నిర్దేశించింది. 2013 ఇంద్రా శర్మ తీర్పు వాటిని విస్తరించింది. ఓలి సంబంధం ఈ గీటురాళ్లకు చాలావరకు సరిపోతుంది. అయితే చట్టబద్ధ వయసు రాని జంటకు ఆచారం రక్షణ కాజాలదు.

5. భూమిపత్రంలో ఆమె పేరు

ఈ చర్చ కొండల్లో ఆచరణాత్మకమయ్యేది భూమి దగ్గరే. 2006 అటవీహక్కుల చట్టం 4(4) సెక్షన్ ప్రకారం వివాహితులైతే హక్కుపత్రం దంపతులిద్దరి పేర ఉండాలి. ఒంటరివారు కుటుంబపెద్ద అయితే వారి ఒక్కరి పేర ఉంటుంది. ‘దంపతులు’ ఎవరో చట్టం నిర్వచించలేదు. ఓలి చెల్లించి విందు వాయిదా వేసుకున్న స్త్రీ ఏ కోవలోకి వస్తుంది? పోడు నరికి, విత్తి, కాపుకాసిన ఆమె పేరు పత్రంలో లేకపోతే, పురుషుడు మరణించినా విడిచిపెట్టినా ఆమె మళ్లీ ఆచారాన్ని రుజువు చేసుకోవలసిందే. వివాహ రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసిన 2002 నాటి రాష్ట్రచట్టం కూడా వివాహం ఒక నిర్ణీత దినాన జరుగుతుందన్న భావనపై నిలిచింది. దశలవారీగా స్థిరపడే ఓలి సంబంధానికి అటువంటి ఒక్క దినాన్ని చూపడం కష్టం.

పరిష్కారానికి ఆధారాలు ఉన్న చట్టాలలోనే ఉన్నాయి. 1996 పెసా చట్టం 4(డి) ఆచారాలనూ సంప్రదాయ తగాదా పరిష్కారాలనూ కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది. రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అటవీహక్కుల నియమాలలో 13వది పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే సాక్ష్యంగా అంగీకరిస్తుంది. భూమి సాగుకు చెల్లే ఈ సాక్ష్యవిధానాన్ని కాపురానికీ వర్తింపజేసి, ఓలి తీర్మానాన్ని స్త్రీ సంతకం లేదా వేలిముద్రతో గ్రామసభ పుస్తకంలో నమోదు చేయవచ్చు.

6. ముగింపు

సహజీవనాన్ని నమోదు చేయించుకోవాలని 2024లో చట్టం చేసిన ఉత్తరాఖండ్ షెడ్యూల్డు తెగలను మినహాయించింది. మినహాయింపు ఆచారాన్ని కాపాడుతుంది గాని, ఆచారంలో గొంతులేని వారికి గొంతునివ్వదు. 1839 నుంచి ఏజెన్సీ చరిత్ర చూపేది ఇదే. ఓలి ఒప్పందంలో సాక్షులున్నారు, షరతులున్నాయి, కాలపరీక్షకు నిలిచిన గౌరవముంది. స్త్రీ స్వయంగా ఒక పక్షంగా ఉండడమే అందులో కొరవడింది. ఆ లోటు తీరినప్పుడే తంతు ఎప్పుడు జరిగినా, అసలు జరగకపోయినా, పోడుభూమిలో ఆమె భాగం నిలుస్తుంది.