బీజమా, క్షేత్రమా?

వరుసగా ఆడుబిడ్డలు కలిగినచో కోడలిని నిందించుట మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. ఈ నిందకు వెనుక నొక ప్రాచీనమైన తలంపు గలదు. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము. రెంటిలో బీజమే మేలైనదని మనుస్మృతి నవమాధ్యాయము చెప్పుచున్నది. గ్రీకు దేశమున అరిస్టాటిలును బిడ్డకు రూపము నిచ్చువాడు తండ్రి యనియు, తల్లి పదార్థమును మాత్రమే యిచ్చుననియు తలచెను.

ఈ వివాదమున బఠానీ మొక్క గొప్ప సాక్ష్యము పలికినది. నాడు ఆస్ట్రియా సామ్రాజ్యమునను, నేడు చెక్ దేశమునను ఉన్న బ్ర్నో పట్టణమున గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్న్యాసి యుండెను. అతడు 1856 మొదలు 1863 వఱకు మఠపు తోటలో బఠానీలను పెంచి, ఒక రకపు పుప్పొడిని వేఱొక రకపు పువ్వునకు చేర్చి, సంతతిని లెక్కించెను. నున్నని గింజల రకమును ముడుత గింజల రకముతో కలుపగా తొలితరపు గింజలన్నియు నున్ననివే యయ్యెను. ముడుత నశించినదని యెవరికైనను తోచును. కాని రెండవ తరమున 7,324 గింజలలో 5,474 నున్ననివి, 1,850 ముడుతవి. అనగా సుమారు మూడు పాళ్లకు ఒక పాలు. ముడుత గుణము దాగెనేకాని చావలేదు. పుప్పొడి నిచ్చిన రకమును, పువ్వు నిచ్చిన రకమును తారుమాఱు చేసినను ఫలితము మాఱలేదు. ఈ గుణముల విషయమున తలిదండ్రులిరువురును సంతతికి సమానముగా చెఱియొక యంశమును ఇచ్చుచున్నారు. తల్లి వట్టి నేల కాదు; ఆమెయు బీజదాత్రియే.

మెండెల్ 1865లో ఈ సంగతిని పండితసభలో చదివి, మఱుసటి యేడు ప్రకటించెను. పట్టించుకొన్నవారు అరుదు. 1884లో అతడు మరణించెను. 1900లో గాని డి వ్రీస్, కొరెన్స్ మొదలగువారి వలన ఆ వ్యాసము వెలుగునకు రాలేదు.

ఇక ఆడు, మగ భేదము మాట. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగుల జీవకణములను పరీక్షించెను. ఆడుదాని కణమున క్రోమోసోములు 20, అన్నియు పెద్దవే. మగదాని కణమున 19 పెద్దవి, ఒకటి చిన్నది. కావున అండములన్నియు ఒకే తీరువి. శుక్రకణములు మాత్రము రెండు తీరులవి. చిన్నదానిని తెచ్చిన శుక్రకణము వలన మగది, తక్కినదాని వలన ఆడుది పుట్టును. మనుష్యులందును తల్లి యిచ్చునది ఎక్స్ మాత్రమే. తండ్రినుండి వచ్చునది ఎక్స్ గాని, వై గాని కావచ్చును.

మా బడిపిల్లలు ఈ లెక్కను పరీక్షకు చక్కగా వల్లింతురు; ఇంట పెద్దల మాట వినగానే మఱతురు. అట్లని నిందను తల్లి మీదినుండి తీసి తండ్రి మీద మోపుటయు న్యాయము కాదు; ఏ కణము ముందు చేరునో అతని యిచ్ఛకు లోబడినది కాదు. ఆడుబిడ్డ పుట్టుట యపరాధమే కానప్పుడు అపరాధిని వెదకనేల?